కష్టం ఒంట్లో ఎక్కడ నమోదవుతుంది?

షుగరు టెస్టు రిపోర్టు పట్టుకుని వెళ్తే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ఎప్పుడూ ఉంటుంది: "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అమ్మకు ఉందనో, మేనమామకు ఉందనో చెప్తాం. ఆయన కాగితం మీద ఒక టిక్కు పెట్టుకుంటాడు. మన మనసులోనూ ఒక టిక్కు పడుతుంది. ఇది రక్తంలోనే ఉంది, మన చేతిలో ఏముంది అనుకుంటాం.

ఆ ప్రశ్నను ఇంకో రకంగా అడిగిన డాక్టరు నాకు ఇంతవరకు తగల్లేదు. "మీ అమ్మగారు మీరు కడుపులో ఉన్నప్పుడు సరిగా తిన్నారా? చిన్నప్పుడు ఇంట్లో రోజూ కొట్లాటలుండేవా? అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చునేవారా?" ఎవరైనా అడిగినా, టిక్కు పెట్టడానికి ఆ కాగితంలో గడి ఉండదు. కుటుంబాల్లో ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లేవి జన్యువులొక్కటే కాదు. పేదరికం వెళ్తుంది, భయం వెళ్తుంది, సగం కడుపుతో పడుకునే అలవాటు వెళ్తుంది. వీటిలో ఏది జన్యువు చేసిన పని, ఏది బతుకు చేసిన పని, బతుకు చేసిన పని జన్యువు దాకా పోగలదా? ఎపిజెనెటిక్స్ అనే మాట చుట్టూ నడుస్తున్న వాదమంతా ఇదే.

ఈ మాట ఇప్పుడు వాట్సాప్ దాకా వచ్చేసింది. "మీ తాతలు పడ్డ బాధ మీ డీఎన్‌ఏలో ఉంది" అని వెనక వీణ వాయిస్తూ వీడియోలు వస్తున్నాయి. అందులో కొంత నిజముంది, కొంత లేదు. ఏది ఎంతో విడదీయాలంటే కాస్త ఓపిగ్గా మొదట్నుంచి రావాలి.

పొలం ఉన్న ఇళ్లలో అడంగల్ అంటే తెలుసు. తెలంగాణలో పహాణీ అనేవారు. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం ఏటేటా మారవు. పక్క గడులు మాత్రం మారుతుంటాయి: ఈ ఏడు వరి, ఈ చెక్క బీడు, ఇది బోరు కింద సాగు. డీఎన్‌ఏ ఆ సర్వే నంబరు లాంటిది. ఎర్ర రక్తకణాల్లాంటి కొన్నిటిని పక్కనపెడితే, మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉన్నది ఒకటే డీఎన్‌ఏ. అయినా కంటి కణం కాలేయంలా పనిచెయ్యదు. ఎందుకంటే ఏ జన్యువు సాగులో ఉండాలి, ఏది బీడుగా పడి ఉండాలి అన్న పక్క గడుల రాత వేరు. ఆ రాతను చదివేదే ఎపిజెనెటిక్స్. 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త ఈ పేరు పెట్టేనాటికి డీఎన్‌ఏ మెలిక ఎలా ఉంటుందో కూడా ఎవరికీ తెలియదు.

ఆ రాతకు వాడే సిరాల్లో ముఖ్యమైనది మిథైల్. ఒక కార్బన్, దానికి అతుక్కున్న మూడు హైడ్రోజన్లు, అంతే. డీఎన్‌ఏలో ఉండే నాలుగు అక్షరాల్లో సీ పక్కన జీ వచ్చే చోట, ఆ సీ మీద ఇది వాలుతుంది. మనిషి డీఎన్‌ఏలో అలాంటి చోట్లు దాదాపు 2.8 కోట్లున్నాయి. ఒక జన్యువు మొదలయ్యే దగ్గర మిథైళ్లు దట్టంగా వాలితే సాధారణంగా ఆ జన్యువు నోరు మూతపడుతుంది. ఇంకో రకం రాత కూడా ఉంది. ఒక్కో కణంలో రెండు మీటర్ల పొడవుండే డీఎన్‌ఏ దారం హిస్టోన్లనే ప్రొటీన్ల మీద, కండె మీద నూలు చుట్టినట్టు చుట్టి ఉంటుంది. బిగించి చుట్టిన చోట కణం దాన్ని చదవలేదు, వదులైన చోట చదువుతుంది.

ఈ పోలికకు ఒక లొసుగుంది, ముందే చెప్పేస్తాను. వీఆర్వో బీడని రాసినందుకు పొలం బీడు పడదు, బీడు పడ్డాక ఆయన వచ్చి రాస్తాడు. కణంలో రెండూ జరుగుతాయి. కొన్నిచోట్ల మిథైల్ వచ్చాక జన్యువు ఆగిపోతుంది. కొన్నిచోట్ల జన్యువు ముందే ఆగిపోతే, ఆ తర్వాత మిథైల్ వచ్చి ముద్ర వేస్తుంది. కాబట్టి "ఫలానా వాళ్లలో ఫలానా చోట మిథైల్ ఎక్కువుంది, అందుకే జబ్బు" అని ఎవరైనా గబుక్కున అంటే, ఏది ముందు ఏది వెనక అని అడగాలి.

ఈ సిరా ఎక్కడ్నుంచి వస్తుంది? చాలావరకు మనం తినే కంచం నుంచే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఫోలేట్, పాలు గుడ్లు మాంసంలో ఉండే బీ12, కోలిన్ లాంటివి ఒంట్లో చేతులు మారి మారి మిథైల్‌ను అందిస్తాయి. 2003లో అమెరికాలో ఒక రకం ఎలుకల మీద ఈ సంగతి కళ్లకు కనిపించేలా తేలింది. వాటిలో ఒక జన్యువు తెరిచి ఉంటే పిల్లలు పసుపు బొచ్చుతో, పెద్దయ్యాక లావుగా తయారవుతాయి. కడుపుతో ఉన్న తల్లులకు ఈ పోషకాలు దండిగా పెడితే ఆ జన్యువు మీద మిథైళ్లు పేరుకుని, గోధుమ రంగు పిల్లలు ఎక్కువగా పుట్టాయి. డీఎన్‌ఏలో అక్షరం ముక్క కూడా మారలేదు.

మనుషుల మీద అలాంటి ప్రయోగం ఎవరూ చెయ్యరు. యుద్ధం చేసింది.

1944 సెప్టెంబరులో మిత్రరాజ్యాల సేనలు హాలండ్‌లోకి దిగి ఆర్నెమ్ వంతెన దగ్గర దెబ్బతిన్నాయి. వాళ్లకు సాయంగా డచ్ రైల్వే కార్మికులు సమ్మె కట్టారు. అందుకు ప్రతీకారంగా నాజీ జర్మనీ పడమటి హాలండ్‌కు తిండి రవాణా ఆపేసింది. నవంబరులో కాస్త సడలించి పడవల మీద రానిచ్చేసరికి చలి ముంచుకొచ్చి కాలువలు గడ్డకట్టాయి. ఆ నెలాఖరుకు రేషను మనిషికి రోజుకు 1000 కెలోరీల కిందికి జారింది. ఆ తర్వాత నెలల తరబడి 400, 800 మధ్య ఊగింది. ఎదిగిన మనిషికి కావలసిన దాంట్లో మూడో వంతు కూడా దొరకని రోజులున్నాయి. జనం చక్కెర దుంపలు, తులిప్ గడ్డలు ఉడకబెట్టుకు తిన్నారు. సుమారు 20,000 మంది చనిపోయారు. 1945 మే నెలలో విముక్తి వచ్చింది. కొన్ని వారాల్లోనే రేషను మళ్లీ 2000 కెలోరీలు దాటింది.

కరువులు ప్రపంచంలో చాలా వచ్చాయి. ఈ కరువునే పరిశోధకులు ఇన్నేళ్లుగా పట్టుకు వేలాడటానికి కారణం దాని అంచులు. ఏ వారం మొదలైందో, ఏ వారం ముగిసిందో తెలుసు. రేషను ఎంతిచ్చారో పుస్తకాల్లో ఉంది. ఆ ఆకలిలోనూ మంత్రసానులు, ఆస్పత్రులు పుట్టిన బిడ్డల బరువులు రాస్తూనే ఉన్నారు. పైగా ఆ పిల్లలు తర్వాత పెరిగింది తిండికి కొదవలేని దేశంలో. అంటే ఒక మనిషి జీవితంలో ఆకలి అనేది కడుపులో ఉన్న ఆ కొన్ని నెలలే. అలా కత్తిరించినట్టు విడిగా దొరికే ఆకలి మరెక్కడా దొరకదు.

మొదటి వింత 1976లో బయటపడింది. సైన్యం వైద్యపరీక్షకు వచ్చిన 19 ఏళ్ల కుర్రాళ్లు 3 లక్షల మంది లెక్కలు తీశారు. తల్లి గర్భం మొదటి సగంలో ఆకలి తగిలినవాళ్లలో ఊబకాయం మామూలు కన్నా ఎక్కువ. చివరి నెలల్లో తగిలినవాళ్లలో తక్కువ. ఆకలి ఒకటే, నెల మారితే ఫలితం తిరగబడింది. గర్భం మొదట్లో కోత పడ్డ బిడ్డ, బయట లోకంలో తిండి దొరకదని లెక్కేసుకుని దొరికిన ప్రతి ముద్దా దాచుకునే ఒంటితో తయారైందా? తీరా బయటికొస్తే వెన్న, జున్ను, చాక్లెట్లు. ఈ లెక్క తప్పడం అనే ఊహ అప్పట్నుంచీ చాలా పరిశోధనలకు దారి చూపింది. ఆ పిల్లలు యాభైలకు వచ్చేసరికి రక్తంలో చక్కెరను అదుపు చేసే శక్తి వాళ్లలో తగ్గిందని తేలింది. కరువు ముదిరిన రోజుల్లో కడుపున పడ్డవాళ్లలో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు.

సరే, ఒంట్లో గుర్తేమైనా మిగిలిందా? 2008లో లైడెన్, కొలంబియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూశారు. కరువు రోజుల్లో కడుపున పడ్డ 60 మందిని తీసుకున్నారు. పోల్చడానికి ఊళ్లోవాళ్లను కాదు, వాళ్ల సొంత అన్ననో తమ్ముణ్నో, అక్కనో చెల్లెల్నో పిలిచారు. అదే తల్లి, అదే ఇల్లు, కరువు ఒక్కటే తేడా. పిండం ఎదుగుదలలో పాలుపంచుకునే ఐజీఎఫ్2 అనే జన్యువు దగ్గర మిథైల్, తోబుట్టువులతో పోలిస్తే సుమారు 5 శాతం తక్కువగా ఉంది. గర్భం చివరి నెలల్లో కరువు తగిలినవాళ్లలో ఆ తేడా లేదు. తల్లి పస్తున్న చలికాలం గడిచి అరవై ఏళ్లు దాటింది. వాళ్లకే మనవలు పుట్టారు. రాత మాత్రం అలాగే ఉంది.

ఇంతవరకు వచ్చాక చాలా వ్యాసాలు ఇక్కడే చప్పట్లు కొట్టి ఆగిపోతాయి. నాకు మూడు సందేహాలున్నాయి. 5 శాతం చిన్న తేడా, అదొక్కటే జబ్బు తెస్తుందని చెప్పలేం. చూసింది రక్తకణాల్లో, ఇన్సులిన్ తయారయ్యే క్లోమంలో కాదు. మూడోది 2018లో ఆ పరిశోధకుల్లోనే కొందరు లేవనెత్తారు: ఆకలి వచ్చి గుర్తు వేసిందనుకుంటున్నాం, కానీ ఆ గుర్తు ముందే ఉన్న పిండాలే ఆ కరువును తట్టుకుని మిగిలాయేమో! పోయినవాళ్లు పరీక్షకు రారు కదా.

ఇది ఆకలి సంగతి. భయం, అవమానం, నిత్యం టెన్షన్, ఇవి తినే వస్తువులు కావు. ఇవి కణంలోకి ఎలా దిగుతాయి?

అర్ధరాత్రి ఎవరో తలుపు దబదబా బాదారనుకోండి. లేచి కూర్చునేలోపే మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ పిట్యూటరీకి కబురు పెడుతుంది, పిట్యూటరీ మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు అందిస్తుంది, అక్కడ్నుంచి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ రక్తంలోకి దూకుతుంది. చక్కెర పెరుగుతుంది, ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుంది. తీరా తలుపు తీస్తే పక్కింటాయన, గ్యాస్ వాసన వస్తోందని చెప్పడానికి వచ్చాడు. ఇక చాలు అని ఎవరో చెప్పాలి కదా. ఆ పని చేసేవాటిలో మెదడులోని హిప్పోకాంపస్ ఒకటి. అక్కడ కార్టిసాల్‌ను పట్టుకునే రిసెప్టర్లుంటాయి. అవి నిండగానే బ్రేకు పడుతుంది. రిసెప్టర్లు తక్కువుంటే సైకిల్‌కు అరిగిన బ్రేకు రబ్బరు లాగే: ఆగుతుంది, కానీ గోడను రాసుకుంటూ ఆగుతుంది.

మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ, మోషే షిఫ్, వాళ్ల సహచరులు ఈ బ్రేకునే పట్టుకున్నారు. ఎలుక తల్లులందరి తీరూ ఒకటి కాదు. కొన్ని పిల్లల్ని ఎడతెగకుండా నాకి దువ్వుతాయి, కొన్ని పాలిచ్చి పక్కకు పోతాయి. తక్కువ నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక చీటికిమాటికి బెదిరిపోతాయి, కార్టిసాల్ తరహా హార్మోన్ త్వరగా దిగదు. 2004లో వాళ్లు చూపించిందేమిటంటే, ఆ పిల్లల హిప్పోకాంపస్‌లో రిసెప్టర్ జన్యువు మొదట్లో మిథైళ్లు దట్టంగా ఉన్నాయి, రిసెప్టర్లు తక్కువున్నాయి. ఇది పుట్టుకతో వచ్చిందేమో అన్న అనుమానం తీర్చడానికి పుట్టగానే పిల్లల్ని తల్లుల మధ్య మార్చేశారు. మిథైల్ రాత కన్నతల్లిది కాదు, పెంచిన తల్లిదే వచ్చింది. ఆ తేడా ఏర్పడింది పుట్టిన మొదటి వారంలోనే. ఇంకో మాట: పెద్ద ఎలుకల మెదడులోకి ఒక మందు పంపితే ఆ రాత చెరిగింది, బెదురు కూడా తగ్గింది. ఈ చివరి ముక్కను వాట్సాప్ వీడియోలు ఎందుకో చెప్పవు.

మనుషుల దగ్గరికి 2009లో వచ్చారు. చనిపోయాక క్యూబెక్‌లో భద్రపరిచిన మెదళ్లు 36 తీసుకున్నారు. చిన్నతనంలో హింసకు గురై, తర్వాత ఆత్మహత్య చేసుకున్నవారివి 12. ఆత్మహత్యే కానీ బాల్యంలో హింస లేనివారివి 12. వేరే కారణాలతో హఠాత్తుగా పోయినవారివి 12. ఎలుకల్లో చూసిన ఆ రిసెప్టర్ జన్యువు దగ్గరే, మొదటి గుంపులో మిథైల్ ఎక్కువ. మిగతా రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. అంటే గుర్తు ఆత్మహత్యది కాదు, బాల్యానిది. పన్నెండేసి మంది అనేది చాలా చిన్న లెక్క, అది మరిచిపోకూడదు. కానీ ఆ పన్నెండు మంది ఇళ్లలో ఏం జరిగి ఉంటుందో ఊహిస్తే అంకెల మీద వాదించాలనిపించదు.

తలుపు బాదినవాడు పక్కింటాయన అయితే బ్రేకు ఒక్కసారి పనిచేస్తే చాలు. తలుపు రోజూ బాదుతుంటే? డైలీ ఫైనాన్సు కుర్రాడు సాయంత్రం ఆరింటికి బండి ఆపుతాడు, అయిదున్నర నుంచే గుండె దడ మొదలవుతుంది. పులి వస్తే అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి తేలిపోతుంది, వడ్డీ అలా తేలదు. కార్టిసాల్ దిగకుండా ఉండిపోతే బీపీ పెరుగుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, ఇన్సులిన్ మాట కణాలు వినవు. బ్రూస్ మెక్‌యూయన్ అనే నాడీశాస్త్రవేత్త 1993లో దీనికి అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టాడు. మన మాటల్లో అరుగుదల. చెప్పు అరిగినట్టు ఒళ్లు అరగడం.

పేదవాళ్లకు జబ్బులెక్కువ అనేది కొత్త సంగతి కాదు. తిండి చాలదు, గాలి బాగుండదు, ఆస్పత్రి దూరం, అందుకే అంటాం. ఇవన్నీ సమానం చేసి, హోదా ఒక్కటే మారిస్తే ఏమవుతుంది? అట్లాంటా దగ్గర ఎమరీ విశ్వవిద్యాలయం కోతుల కేంద్రంలో జెన్నీ టంగ్ బృందం ఇదే చేసింది. ఉత్తరాది గుళ్ల దగ్గర కనిపించే రీసస్ కోతులే అవి. ఆడకోతుల్ని ఐదేసి చొప్పున గుంపులు కట్టారు, కానీ ఒకదాని తర్వాత ఒకటిగా వదిలారు. ముందొచ్చింది పెత్తనం చేస్తుంది, చివరొచ్చింది అందరి చేతా చీవాట్లు తింటుంది. తిండి అందరికీ ఒకటే, వైద్యం ఒకటే. కొన్నాళ్లకు రక్తం తీస్తే, కింది హోదా కోతుల రోగనిరోధక కణాల్లో వాపును రేపే జన్యువులు ఎక్కువ పనిచేస్తున్నాయి. 2012లో వాళ్లు కోతి మొహం చూడకుండా, రక్తంలో జన్యువుల పనితీరు చూసి దాని హోదా పైదో, నడిమిదో, కిందిదో నూటికి 80 సార్లు సరిగ్గా చెప్పగలిగారు. 2016లో ఇంకో అడుగు వేసి 45 కోతుల గుంపుల్ని కలిపి, కొత్త వరుసలో మళ్లీ వదిలారు. కిందున్నది పైకి పోతే దాని జన్యువుల పని కూడా కొత్త హోదాకు తగ్గట్టు మారింది. పక్కన కూర్చుని పేలు చూసే తోడు ఎంత దొరికిందన్నది కూడా కొంతవరకు లెక్కలోకి వచ్చింది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ కోతుల కథే. డచ్ కరువులో రాత అరవై ఏళ్లు నిలిచింది. ఇక్కడ జన్యువుల పనితీరు కొన్ని నెలల్లో మారింది. రెండూ నిజమే. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో పడ్డ గుర్తుల్లో కొన్ని మొండిగా ఉండిపోతాయి. పెద్దయ్యాక పడేవి చాలావరకు పరిస్థితిని అంటిపెట్టుకుని ఉంటాయి, అది మారితే అవీ కదులుతాయి. పేదరికం మారకుండా అలాగే ఉంటే గుర్తు కూడా అలాగే ఉంటుంది. దాన్ని చూసి మనం "రక్తంలోనే ఉంది" అనుకుంటాం.

ఇక తాతల బాధ సంగతి. కడుపుతో ఉన్న ఆడమనిషి ఒక్కర్తి కాదు, మూడు తరాలు. ఆవిడ, కడుపులో బిడ్డ, ఆ బిడ్డ ఒంట్లో అప్పటికే తయారవుతున్న బీజకణాలు. కడుపులో ఉన్నది ఆడపిల్ల అయితే, ఆ పిల్ల జీవితాంతం మోసే అండాలకు పునాది అక్కడే పడుతుంది. మీ అమ్మమ్మ మీ అమ్మను మోస్తూ పస్తుంటే, ఆ పస్తు మీలో సగానికి అప్పుడే నేరుగా తగిలినట్టు. దాన్ని వారసత్వం అనలేం. వారసత్వమని తేలాలంటే ఆ ఆకలి ఏ రూపంలోనూ తగలని తరంలో, అంటే అమ్మమ్మ లెక్కలో మునిమనవల్లో కూడా గుర్తు కనబడాలి. మనుషుల్లో అలాంటి గట్టి ఆధారం ఇంతవరకు లేదు.

ఉండటం కష్టం కూడా. పొలం కొడుకు పేరుకు మారేటప్పుడు పాత అడంగల్ పక్కన పడేసి కొత్తది రాసినట్టు, బీజకణాలు తయారయ్యేటప్పుడు ఒకసారి, అండం ఫలించిన కొద్ది రోజుల్లో ఇంకోసారి మిథైల్ రాతలో ఎక్కువ భాగం చెరిగిపోతుంది. కొన్ని చోట్లు తప్పించుకుంటాయి, అందుకే తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. మొక్కల్లో, కొన్ని పురుగుల్లో తరాలు దాటడం బాగానే కనిపిస్తుంది. ఎలుకల్లో వాదోపవాదాలున్నాయి.

నాజీ మారణహోమం నుంచి బయటపడ్డ యూదుల పిల్లల మీద రేచల్ యెహూదా బృందం 2016లో ప్రచురించిన పరిశోధనను అందరూ ఉదహరిస్తారు. బయటపడ్డవాళ్లు 32 మంది, వాళ్ల పిల్లలు 22 మంది. ఒత్తిడికి సంబంధించిన ఎఫ్‌కేబీపీ5 అనే జన్యువు దగ్గర తల్లిదండ్రుల్లో మిథైల్ ఎక్కువ, పిల్లల్లో తక్కువ. గమనించారా? ఒకే చోట తేడా, కానీ ఎదురు దిక్కుల్లో. అచ్చుగుద్దినట్టు దిగిన వారసత్వం అనుకోవడానికి లేదు. పోల్చి చూసిన మిగతా కుటుంబాలు పట్టుమని పది కూడా లేవు. రాత్రిళ్లు కేకలేస్తూ లేచే తండ్రి పక్కన పెరగడం వల్ల ఆ పిల్లల్లో ఆ తేడా వచ్చిందో, తండ్రి వీర్యం మోసుకొచ్చిందో ఈ లెక్కతో చెప్పలేం. తాగొచ్చి కొట్టే తండ్రి కొడుకు తానూ అలాంటి తండ్రి కావడానికి మిథైల్ అవసరం లేదు. చూసి నేర్చుకుంటే చాలు.

ఇంత పట్టింపుగా చెప్పడానికి నాకు వేరే కారణం కూడా ఉంది. కులం రక్తంలో ఉందని, కొందరి పుట్టుకలోనే లోపముందని వందల ఏళ్లు నమ్మిన నేల ఇది. అణిచివేతకు గురైనవాళ్ల బాధను అర్థం చేసుకుంటున్నామనే ముసుగులో "వాళ్ల డీఎన్‌ఏనే దెబ్బతింది" అనే మాట ఇక్కడ చాలా సులువుగా దిగిపోతుంది. ఇళ్లలోనైతే ఇది కోడళ్ల నెత్తిన పడుతుంది. బిడ్డకు ఏదొచ్చినా "కడుపుతో ఉన్నప్పుడు నువ్వు సరిగా తినలేదు" అని సాధించడానికి ఇప్పుడు సైన్సు కూడా తోడు. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది తినమన్నదెవరో ఆ సాధింపులో ఉండదు.

మన కరువుల సంగతేమిటని ఎవరైనా అడుగుతారు. 1876–78 నాటి ధాత కరువు రాయలసీమను ఊళ్లకు ఊళ్లు ఊడ్చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తమ్మీద లక్షల మంది చనిపోయారు. ధాత నామ సంవత్సరం పేరు ఇప్పటికీ సీమ మాటల్లో కరువుకు గుర్తుగా మిగిలింది. తెల్లదొరలు తెచ్చిన ఆ కరువుల వల్లే మనకింత షుగరు అనే వాదన ఈ మధ్య బాగా వినిపిస్తోంది. వినడానికి బాగుంటుంది, కోపానికి ఒక అడ్రసు దొరుకుతుంది. కానీ ఏ తల్లి ఏ నెలలో గర్భవతి, ఆ నెలలో కంచంలో ఏముంది, పుట్టిన బిడ్డ బరువెంత, డచ్చివాళ్లలా వీటిని కలిపి చూపే లెక్క మనకు లేదు. కరువు సహాయ శిబిరంలో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్న బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ లెక్క మాత్రం భద్రంగా ఉంది.

కరువు దాకా పోనక్కర్లేదు కూడా. పుణే దగ్గరి పల్లెల్లో 1990లలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డల్ని కొలిచింది. సగటు బరువు దాదాపు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ బిడ్డలది 3.5. కండ, పొట్టలోని అవయవాలు అన్నీ చిన్నవే, చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు వాళ్లకున్నంతా ఉంది. సన్నగా కనిపించే లావు బిడ్డలు. 2004లో యాజ్ఞిక్ తన ఫొటో, తన బ్రిటిష్ మిత్రుడి ఫొటో పక్కపక్కనే వైద్యపత్రికలో అచ్చు వేయించాడు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. కొవ్వు తెల్లాయనలో 9.1 శాతం, ఈయనలో 21.2. ఆ పల్లెల్లోనే, గర్భంలో బీ12 తక్కువై ఫోలేట్ ఎక్కువున్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోవడం ఎక్కువగా కనిపించింది. మిథైల్‌ను అందించే వాటిలో ఈ రెండూ ఉన్నాయని పైన చెప్పుకున్నాం.

పుణేలోనే ఇంకో బృందం ఎలుకల్ని 50 తరాల పాటు అర్ధాకలితో పెంచింది. ఇన్సులిన్ జన్యువు దగ్గర హిస్టోన్ల రాత మారింది. తర్వాత రెండు తరాలు కడుపునిండా పెట్టినా రాత, రోగం పూర్తిగా వెనక్కి పోలేదని 2015లో రాశారు. రెండు తరాలు చాల్లేదు సరే, నాలుగో తరానికి, అయిదో తరానికి ఏమయ్యేదో అన్న ప్రశ్న నాకు అలాగే ఉండిపోయింది. మనదేశంలో కడుపునిండా తినడం మొదలుపెట్టి చాలా ఇళ్లలో ఒకటో రెండో తరాలే.

మన దగ్గర జరిగిన ఒక సంగతితో ఆపుతాను. ఇందులో ఎవరూ మిథైల్ కొలవలేదు, కాబట్టి ఎపిజెనెటిక్స్‌కు ఇది ఋజువని చెప్పను. 1987 నుంచి 90 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. అంగన్‌వాడీ పథకం అప్పుడప్పుడే ఊరూరికీ వస్తున్న కాలం. 15 పల్లెలకు వచ్చింది, పక్కనున్న 14 పల్లెలకు ఇంకా రాలేదు. వచ్చిన చోట గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె. ఆ రోజుల్లో అంగన్‌వాడీ వాకిట్లో గిన్నె పట్టుకుని నిలబడ్డవాళ్లకు ఆ పసుపుపచ్చటి ఉప్మా రుచి, అడుగంటిన వాసన ఇప్పటికీ గుర్తుంటుంది. గొప్ప రుచేం కాదు. తల్లికి రోజుకు దాదాపు 500 కెలోరీలు, పిల్లలకు 300.

ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు వచ్చాక, 2003–05లో, మళ్లీ వెళ్లి 1165 మందిని కొలిచారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు అందని పల్లెల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం వాళ్లలో 20 శాతం తక్కువ. రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి. బీపీలో, కొవ్వులో చెప్పుకోదగ్గ తేడా లేదు. 14 మిల్లీమీటర్లంటే ఎంతో కాదు, చిటికెన వేలి వెడల్పు. ఆ పిల్లల్లో పెద్దవాళ్లు ఇప్పుడు నలభైకి దగ్గర పడుతున్నారు. డాక్టరు దగ్గరికి పోతే "ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని వాళ్లనూ అడుగుతారు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఊళ్లోకి ఉప్మా వచ్చిందో లేదో వాళ్లలో చాలామందికి తెలిసి ఉండదు.